గోడలో ఖాలమ్మ దారి

ఖాలమ్మ పోయిన మర్నాడు మా కోళ్ళు పొద్దెక్కేదాకా గూట్లోనే ఉండిపోయాయి. అవి లోపల గోల పెడుతుంటే, ఎవరో తీస్తారులే అన్నట్టు నేను వంటింట్లో చాయ పెట్టుకుంటున్నాను. ఆ ఎవరో ఇక రారన్న సంగతి చాయ పొంగినప్పుడు గానీ తట్టలేదు. ఆమె దవాఖానలో ఉన్న రోజులు తప్పిస్తే, ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి గూడు తలుపు నేను తీసింది లేదు. గూడు నాది, కోళ్ళలో సగం నావి, తలుపు తీయడం మాత్రం ఆమె పని.

ఖాలమ్మ నాకు చుట్టం కాదు, మా వెనకింటి ముసలమ్మ. ఉర్దూలో ఖాలా అంటే అమ్మ తోబుట్టువు. ఊళ్ళోవాళ్ళకు అక్కడితో ఆపితే మర్యాద చాలలేదేమో, చివర అమ్మను కూడా తగిలించారు. అసలు పేరు ఆధార్ కార్డులో ఉండే ఉంటుంది, నేనెన్నడూ అడగలేదు. పొట్టి మనిషి. చేతిలో ఎప్పుడూ ఒక వేపకర్ర ఉండేది గానీ దాని మీద ఆనుకోగా ఎవరూ చూడలేదు. అది వస్తువులను చూపించడానికి, తలుపులు తట్టడానికి, దారినపోయేవాళ్ళను ఆపడానికి. కొంగు చివర నూకల మూట. ‘బో బో బో’ అని పిలిస్తే మా కోళ్ళు, తన కోళ్ళే కాక ఎదురింటి కోళ్ళు కూడా పరుగెత్తుకొచ్చేవి. వాటికి నూకలు వేస్తూనే, ‘మీకు ఇల్లు లేదా, వాకిలి లేదా’ అని తిట్టేది.

మా ఆయన పోయాక హనుమకొండలో మేమున్న అద్దె ఫ్లాటు నాకు మరీ ఎత్తుగా అనిపించసాగింది. లిఫ్టు దిగితే గానీ మట్టి కనబడేది కాదు. కాలేజీ ఆఫీసులో ఉద్యోగం మానేసి, నర్సంపేట పోయే దారిలో ఒక ఊళ్ళో ఈ గూన పెంకుటిల్లు కొన్నాను. అప్పట్లో దాన్ని ఇల్లు అనడానికి కాస్త ధైర్యం కావాలి. మట్టిగోడలు పొట్టలు ఉబ్బి ఉన్నాయి. కప్పు కింది వాసాలను చెదలు తినేశాయి. పెరడంతా నడుమెత్తు వయ్యారిభామ కలుపు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు పాత ఇల్లు బాగుచేయించి చూసినట్టు లేదు, చూసి ఉంటే మూడో మాట కూడా చేర్చేవాళ్ళు.

మడికొండలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న మా అన్న వచ్చి గోడలు, వాసాలు తట్టి చూశాడు. చివరికి, “మిర్గం దాకా చూస్త. వానలు పడేటాల్లకు కప్పు పని కాకపోతే ఇగ మారుమాట లేదు, మా ఇంటికి వచ్చుడే. పైన అర్ర ఖాళీగనే ఉన్నది,” అన్నాడు. మిర్గం అంటే మృగశిర కార్తె. ఆ రోజు చేపలు వండుకుని, ఇక వానల కోసం మొగులు వైపు చూస్తాం. మా అన్న మంచివాడే, కానీ ఆ మంచితనం కింద ఊపిరాడదు. ఆ పై గదిలో నా మంచం ఎటు తల పెట్టాలో, ఎన్నింటికి భోజనానికి దిగాలో అన్నీ ముందే నిర్ణయమైపోయాయి. ఒకసారి అక్కడికి పోతే నాకంటూ ఒక వాకిలి ఇక ఉండదని తెలుసు. మిర్గానికి ఇంకా చాలా టైముంది గదా అని సరేనన్నాను.

సామాను దించిన రోజే ఖాలమ్మ వచ్చింది. గేటు నుంచి కాదు. వెనక ప్రహరీ గోడ ఒకచోట కూలి, మనిషి పట్టేంత సందు ఉంది. అందులోంచి ముందు కర్ర వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది.

“ఒక్కదానివేనా?”

“అవునండీ. మీరు?”

“మీరు ఏంది? నేను గూడ ఒక్క మనిషినే గద, కనబడతలేనా?” అని, నన్ను దాటుకుని వంటింటిదాకా పోయి పొయ్యి చూసి, బావి చూసి, చెప్పకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం చంకలో ఒక ఎర్ర పెట్టతో మళ్ళీ వచ్చింది. “పాలుకిస్తాన. పిల్లలల్ల సగం నీయి, సగం నాయి,” అంది.

పాలు అంటే ఇక్కడ వాటా. మేకైనా కోడైనా ఒకరు ఇస్తారు, ఇంకొకరు సాకుతారు, పుట్టిన పిల్లలను చెరిసగం పంచుకుంటారు. అంతా నోటిమాట మీదే. నాకు కోళ్ళను పెంచడం రాదన్నాను. “నీకు పెంచుడు రాకపోతే ఏంది, దానికి పెరుగుడొస్తది,” అని పెట్టను నా చేతుల్లో పెట్టింది. నేను దాన్ని పట్టుకున్న తీరు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ మర్నాటి నుంచి ఫజర్ నమాజు చేసుకుని, ఇంకా మసక ఉండగానే, సందులోంచి వచ్చి గూడు తీసేది. తన పాలు క్షేమమో కాదో చూసుకునే హక్కు తనకుందట. గుడ్డును పిడికిట్లో పెట్టి, ఒక కన్ను మూసి, వెలుతురుకు ఎత్తి చూసేది. తర్వాత కర్రతో నా కిటికీ తట్టి, “లే, పొద్దు నెత్తికెక్కింది,” అనేది. పొద్దు అప్పటికి నెత్తికి కాదు గదా, గోడకు కూడా ఎక్కి ఉండేది కాదు. ఒకరోజు నాకు ఒళ్ళు మండి, “నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట వెనకటికొక ముసలమ్మ,” అని దెప్పాను. ఆమె నొచ్చుకోలేదు. నూకలు చల్లుతూనే, “ఊరికేంది బిడ్డా, తెల్లారుతది. ఆ ముసల్దానికి తెల్లారొద్దా మరి?” అంది. ఆ మాటతోనే సందు దాటి పోయింది.

దయ కలిగితే నేను బిడ్డను. కోపం వస్తే మేడమ్‌ను. తను సాకిన కోడిని తను తినేది కాదు, “నా చేతి గింజలు తిన్నదాన్ని నేనెట్ల తింట?” అనేది. పక్కింట్లో కోడికూర వండితే మాత్రం వాసన పట్టుకుని గిన్నెతో సహా హాజరు. మా పాలు కోళ్ళ దగ్గర ఈ ధర్మం చిక్కుల్లో పడింది. “ఏ ముక్కల నా సగం ఉన్నదో ఏం ఎర్క?” అని నన్నూ తిననిచ్చేది కాదు.

ఆ ఎండాకాలం ఎర్రపెట్ట గుడ్లు పెట్టడం మానేసింది. ఖాలమ్మ ముందు పిల్లిని అనుమానించింది, తర్వాత కాకిని, ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉండే తన కోడలిని. అత్తాకోడళ్ళకు మొదటి నుంచీ పడదు. కోళ్ళు వాకిలి ఖరాబు చేస్తాయని కోడలి గొడవ, కోడలికి కోళ్ళ విలువ తెలియదని అత్త గొడవ. గుడ్ల దొంగతనం అంటగట్టేసరికి కోడలు మాట్లాడటమే మానేసింది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతున్న ఎండల్లో మేస్త్రి పని మొదలుపెట్టాడు. మొదటిరోజు పక్క కొట్టం మీది పెంకులు దించాడు. రెండోరోజు అసలింటి మీదికి నిచ్చెన వేసి, మూలన కొన్ని పెంకులు లేపి, “అమ్మో!” అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“మేడం, కోడి ఉన్నది.”

“ఉంటే దించు.”

“పొదుగు మీద ఉన్నది,” అన్నాడు, ఇంట్లో బాలింత ఉందన్నంత నెమ్మదిగా.

అటక మీద ఎవరో వదిలిపోయిన పాత గంపలో మా ఎర్రపెట్ట కనబడకుండా గుడ్లు పెట్టి, వాటి మీద రెక్కలు పరుచుకుని కూర్చుంది. మేస్త్రి కేక విని ఖాలమ్మ సందులోంచి ఉరికొచ్చింది. కోడలు నిర్దోషి అని తేలింది గానీ ఆ మాట ఆమె నోట రాలేదు. “ఎవ్వలు లేపద్దు. లేపితే గుడ్లిడిచిపెడతది,” అని నిచ్చెన కింద నిలబడింది.

“గంపతో సహా దించుదాం ఖాలమ్మా.”

“జాగ మారితే మల్ల కూసోదు. దాని గుణం నాకెర్క లేదా? సగం నాయి. నా సగం మీద కూసున్నదాన్ని లేపుటానికి నువ్వెవరు మేడమ్?”

“నా సగం మీద కూర్చున్నదాన్ని నేను లేపుకుంటా.”

“లేపు. నీ సగం కాడికే లేపు.”

“వానలొస్తే ఇల్లు పోతది!”

“ఇల్లు గుడ్డు వెడతదా?”

నేను మేస్త్రి వైపు తిరిగాను. నా పక్షాన నిలుస్తాడనుకున్న మనిషి దిగొచ్చి చేతులు దులుపుకుంటూ, “పొదుగు మీదున్న కోడి మీదికెల్లి కప్పు విప్పితే ఆ ఇంటికి మంచిది కాదు మేడం. మా నాయిన గూడ ముట్టకపోతుండె. పిల్లలు లేచినంక ఫోన్ చేయిండ్రి,” అని, లేపిన పెంకులు మళ్ళీ సర్ది, నిచ్చెన మాత్రం వదిలి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్ పెట్టేవాడు గానీ ఫోన్ ఎత్తేవాడు కాదు.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. మా అన్న పై గదిలోని మంచం కళ్ళ ముందు కనబడేది. ఖాలమ్మ మాత్రం రోజూ నిచ్చెన ఎక్కి, కోడికి నీళ్ళు చూపించి దిగేది. ఉరుములకు గుడ్లు మురుగుతాయని గంపలో ఒక ఇనుప మేకు, ఒక బొగ్గుముక్క పెట్టింది. “మొదలు లేసే పుంజు నాది, నల్లపెట్ట నీది,” అని పంపకాలు కూడా మొదలుపెట్టింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాను. “సోమలింగం గూడ నాకే,” అంది.

మిర్గం ఇంకా రాకుండానే ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ముందు దుమ్ము లేచింది, ఆ వెంటనే కుండపోత. ఖాలమ్మ గోనెసంచి నెత్తిన కప్పుకుని పరుగున వచ్చి, అటక కింద నిలబడి నిచ్చెన మెట్టు పట్టుకుంది. కారుతున్న చోటల్లా నేను గిన్నెలు పెడుతున్నాను. ఉరిమినప్పుడల్లా ఆమె, “యా అల్లా, నా సగం!” అనేది. ఒకసారి పెద్ద ఉరుము ఉరిమింది. నా మొహం ఎట్లా ఉందో ఏమో, ఆమె నన్ను చూసి, “ఈమె సగం గూడ,” అని చేర్చింది. అంతలో బయట ఏదో బరువుగా కూలిన చప్పుడైంది. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నాం, వాన వెలిసేదాకా వదల్లేదు.

పొద్దున చూస్తే పక్క కొట్టం లేదు. మేస్త్రి పెంకులు దించిన ఆ కొట్టం గోడలు నానిపోయి, ఎర్రమట్టి కుప్పై కూర్చున్నాయి. దాని పక్కనే అసలిల్లు, చెదలు తిన్న వాసాలతో, పాత పెంకులతో, తడిసి నిలబడి ఉంది. మేస్త్రి పిలవకుండానే వచ్చాడు. కొట్టాన్ని చూశాడు, ఇంటిని చూశాడు, టవల్‌తో మొహం తుడుచుకున్నాడు. ఆ రోజు కప్పు మొత్తం విప్పి ఉంటే ఇల్లంతా ఆ కుప్పలాగే అయ్యేదని ముగ్గురికీ అర్థమైంది. నేను అక్కడే బావి గట్టు మీద కూలబడ్డాను. హమ్మయ్య, హమ్మయ్య అని ఎన్నిసార్లు అనుకున్నానో.

“వాన వస్తదని నీకు ముందే తెలుసా ఖాలమ్మా?”

“నాకేం ఎర్క? నాకు పిల్లల మీదనే పానం,” అంది.

మధ్యాహ్నానికి కిరాణా కొట్టు దగ్గర కథ మారిపోయింది. కోడి కళ్ళల్లో చూసి వాన సంగతి తెలుసుకున్నానని, మేడమ్ వద్దంటున్నా తనే ఆపానని ఖాలమ్మ చెబుతోంది. పొద్దున నిజం చెప్పిన మొహమే అది, తేడా ఏమీ లేదు. నేను పక్కనే నిలబడి అవునన్నట్టు తలూపాను.

మిర్గానికి ముందురోజు గంపలో కిచకిచలు మొదలయ్యాయి. కొన్ని గుడ్లు మురిగిపోయాయి, అవన్నీ ఉరుము ఖాతాలో పడ్డాయి. మర్నాడు మా అన్న కొర్రమీన్లు పట్టుకుని కారు దిగాడు. కూలిన కొట్టం చూడగానే సంచి అరుగు మీద పెట్టి, “సామాను సర్దుకో,” అన్నాడు. నేను చేపల సంచి అందుకోబోతుండగా సందులోంచి కర్ర కనబడింది.

“ఎవలు పోయేది?” అంది ఖాలమ్మ.

“మా చెల్లెను తీస్కపోతాన ఖాలమ్మా. ఈ ఇంట్ల ఒక్కతి ఎట్లుంటది?”

“తీస్కపో. పాలు తెగ్గొట్టి తీస్కపో.”

“ఏం పాలు?”

ఆమె గంప తెచ్చి మా అన్న కాళ్ళ దగ్గర దించింది. కోడిపిల్లలు ఆయన కొత్త బూట్ల మీదికెక్కాయి, ఆయన కదలకుండా నిలబడిపోయాడు. “గివి ఇద్దరియి. ఏది పుంజో ఏది పెట్టనో ఎదిగినంక తెలుస్తది. అప్పటిదాక ఈమె సాకాలె, ఒప్పుకున్నది. మాట ఇచ్చిన మనిషిని నడుమల తీస్కపోతే నలుగురు ఏమంటరు?”

“మడికొండకు తీస్కపోయి సాకుతం తీ.”

“మీ మేడ మీదనా? ఆడ మన్ను ఏడున్నది గీరుటానికి? టైల్సు గీరుతయా?”

ఆఫీసులో పదిమందిని నోరెత్తనివ్వని మా అన్న కోడిపిల్లల వాటా ముందు ఓడిపోయాడు. నా వైపు చూశాడు. “ఒప్పుకున్న అన్నా. పాలు తెగేదాక కదలను,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన కాసేపు పిల్లలను, కాసేపు ఇంటిని చూసి, “చేపలన్న వండు మరి,” అని అరుగు మీద కూర్చున్నాడు. ఖాలమ్మ కూడా కూర్చుంది, ఎవరూ పిలవకుండానే. ఆ రోజు తిన్నంత తృప్తిగా నేను ఎన్నడూ చేపలు తినలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యం చేసి మమ్మల్ని కరుణించాయి. మేస్త్రి పరుగున కొత్త వాసాలు వేసి ఇల్లు కప్పేశాడు. ప్రహరీ గోడ కట్టేటప్పుడు ఆ సందు దగ్గరికొచ్చి ఆగాడు. “ఇది పూడిస్తే రేపు నా మీదికి కొట్లాటకొస్తది మేడం,” అన్నాడు. గేటు పెట్టిద్దామని మా అన్న అన్నాడు. “గేటు వెడితే తాళం వెడతరు,” అంది ఖాలమ్మ. గోడ అక్కడ ఇప్పటికీ సందుగానే ఉంది. సున్నం వేసినప్పుడు దాని రెండు అంచులకు కూడా వేయించాను.

పాలు మాత్రం ఎన్నడూ తెగలేదు. పిల్లలు ఎదిగాయి, పంచుకుందామా అంటే “ఆ పుంజుకు జర బలం రానీ,” అంది. రంజాన్ నెల పోనీ, బతుకమ్మ పండుగ పోనీ అని వాయిదాలు వేసింది. ఆ పిల్లలకు పిల్లలు, వాటికి మళ్ళీ పిల్లలు. ఏ రెక్క ఎవరిదో చెప్పగల మనిషి లేడు. అందుకే పొద్దున్నే లెక్క చూసుకోవడానికి రావలసి వచ్చేది పాపం.

మొన్న చలికాలం ఆయాసం ఎక్కువై ఖాలమ్మను హనుమకొండ దవాఖానలో చేర్పించారు. బస్సెక్కి చూడ్డానికి పోతే నా చెయ్యి పట్టుకుని, “ఈడ కోడి కూత ఇనబడది బిడ్డా. తెల్లారిందో లేదో నర్సును అడుగుతాన. నన్ను ఈడ పోనియ్యకుండ్రి,” అంది. తన కోసం ఆమె భయపడటం నేను చూసింది అదొక్కసారే. ఇంటికి తెచ్చాక మళ్ళీ రాసాగింది, మొదటిసారి కర్ర మీద ఆనుకుంటూ. నేను చూడనట్టు గిన్నెలు తోముకుంటూ ఉండేదాన్ని.

పోయిన రోజు పొద్దున కూడా మా గూడు తీసింది. చప్పుడు విన్నాను, లేవలేదు. ఇంటికి తిరిగిపోతూ సందు అవతలి బండ మీద కూర్చుందట, కోడలు వచ్చి చూసేసరికి ప్రాణం లేదు. కొంగులో నూకలు అట్లాగే ఉన్నాయి, చుట్టూ కోళ్ళు. నేను చాలా ఏడ్చాను. కానీ నిజం చెప్పాలంటే, ఏడుపు కంటే ముందు హమ్మయ్య అనిపించింది. ఆ దవాఖానలో, ఆ ట్యూబులైటు కింద కాదు. కోడి కూత విని, తెల్లారిందని ఎవరినీ అడగకుండా తెలుసుకుని పోయింది.

ఆ తర్వాత పట్టుకుంది నాకు భయం. కోడలికి కోళ్ళంటే గిట్టదు. పాలు తెగ్గొట్టుకుంటుంది, అక్కడితో ఆ సందులోంచి వచ్చే పని ఎవరికీ ఉండదు. మూడోరోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థన అయిన సాయంత్రం కోడలు సందులోంచి రానే వచ్చింది, చంకలో గుడ్డ కప్పిన గంపతో.

“అత్త పాలు సంగతి మాట్లాడదామని వచ్చిన అక్కా.”

“సరే చెల్లె. నీ సగం నువ్వే ఏరుకో,” అన్నాను.

ఆమె వినలేదు. పెరట్లో తిరుగుతున్న కోళ్ళ వైపు చూస్తోంది. “గీ పెట్ట గిట్ల గుంజుకపోయిందేంది? నూకలు ఏస్తానవా లేదా?” అని, గంప దించి గుడ్డ తీసింది. లోపల ఒక నల్లపెట్ట ఈకలు ఉబ్బించుకుని నన్ను కొరకొరా చూసింది. “అత్త కోడి ఇది. ఆమె పోయిన కాంచి ఆమె మంచం కిందనే కూసుని లేస్తలేదు, పొదుగుకొచ్చింది. నాకు దీనితోని ఏగుడు కాదు. నీ అటక మీద కూసోవెట్టు. గుడ్లు నేనే తెచ్చిన.”

“మరి పిల్లలు?”

“సగం నాయి. ఎందుకిడుస్త?” అంది. సందు దాకా పోయి, గోడ అంచు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగింది. “పొద్దున గూడు నేనొచ్చి తీస్త. నువ్వు జల్ది లేవవట గద, అత్త జెప్పేది.”

మర్నాడు నాకు చాలా ముందే మెలకువ వచ్చింది. లేచి చాయ పెట్టుకోవచ్చు, లేవలేదు. గోడ అవతల చెప్పుల చప్పుడైంది. తర్వాత గూడు గడియ తీసిన చప్పుడు, కొత్త గొంతుతో కొంచెం సిగ్గుగా, ‘బో బో బో’. హమ్మయ్య, తెల్లారింది అనుకుని దుప్పటి తీశాను.